ఈ సలహాలు పాటించకండి

ఇంట్లో బిడ్డకు కేన్సర్ అని తెలిసిందంటే సలహాలకు కొదవుండదు. బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు చేసే తండ్రికి పక్క షెడ్డు మేస్త్రీ, టీ కొట్టాయన, లోడు కోసం ఆగిన డ్రైవరు తలా ఒకటి చెబుతారు. ప్రేమతోనే చెబుతారు కాబట్టి కాదనడం కష్టం. అయినా కాదనాలి.

"పిల్లాడు రాత్రుళ్ళు పడుకోవట్లేదా? మా ఆవిడ వేసుకునే నిద్రమాత్రలో సగం వేసెయ్యవయ్యా!"

అన్నిట్లోకీ ఇదే ప్రమాదం. ఆల్‌ప్రజోలాం లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నొప్పికి మార్ఫిన్ వాడుతున్న బిడ్డకు ఇది కూడా పడితే ఊపిరి మందగిస్తుంది. పైగా కత్తెరతో కోసిచ్చిన స్ట్రిప్పు ముక్క మీద పేరులో సగమే ఉంటుంది. ఏం వేశారని డాక్టరు అడిగితే ఏం చూపిస్తారు?

నిద్ర ఎందుకు పట్టట్లేదో ముందు కనుక్కోండి. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది ల్యుకేమియా. అందులో ముఖ్యమైన రకానికి రెండు మూడేళ్ళు చికిత్స సాగుతుంది, మధ్యమధ్యలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఇస్తారు. ఆ రోజుల్లో పిల్లాడు అర్ధరాత్రి లేచి పప్పన్నం, ఆవకాయ కావాలంటాడు. తిన్న గంటకే మళ్ళీ అడుగుతాడు. ఆలస్యమైతే పళ్ళెం విసిరికొట్టి, అమ్మ ఒళ్ళో పడి ఏడుస్తాడు. వాణ్ణి కొట్టకండి, అది మందు చేయిస్తున్న పని. ఆ మాత్ర పొద్దున్నే వేయవచ్చేమో డాక్టర్ని అడగండి. కీమోలో ఇచ్చే విన్‌క్రిస్టిన్ వల్ల కాళ్ళు, దవడలు నొప్పెడతాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కొందరిని ఒకచోట కూర్చోనివ్వదు. జ్వరంలో పొంతన లేకుండా మాట్లాడుతూ, లేని మనుషులు కనిపిస్తున్నారంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

"పిచ్చి మందులు వాడితే బుర్ర పాడైపోద్ది, జన్మలో వదలవు."

ఇది విని అవసరమైన మందు ఆపేసినవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. సూది నొప్పి తెలియకుండా చూడటం, ఆటలు, కౌన్సెలింగ్, ఏం జరగబోతోందో బిడ్డకు అర్థమయ్యేలా చెప్పడం ముందు జరగాలి. అవి చాలక వారాల తరబడి దిగులుగా ఉండి, ఆటా తిండీ మానేస్తే సైకియాట్రిస్టు ఫ్లూఓక్సెటిన్ లాంటిది రాయవచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు చూసి ఆపేయకండి. అయితే కనిపెట్టుకుని ఉండాలి. ఈ రకం మందులు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెంచవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2004లోనే గట్టి హెచ్చరిక జారీ చేసింది. చచ్చిపోవాలనుందని బిడ్డ అంటే అప్పటికప్పుడే డాక్టరుకు చెప్పండి.

"ఈ మందుల సంగతి కేన్సర్ డాక్టరుకు చెప్పకు, కీమో ఆపేస్తారు."

చెప్పి తీరాలి. ఇన్ఫెక్షనుకు లినెజోలిడ్ ఇస్తే, ఫ్లూఓక్సెటిన్‌తో కలిసి ప్రాణం మీదికి తేగలదు. ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు ఫ్లూఓక్సెటిన్ వల్ల రక్తస్రావం ముప్పూ పెరుగుతుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రికో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆస్పత్రికో వెళ్ళొచ్చేవాళ్ళు అక్కడి చీటీలూ, బెజవాడలో రాయించుకున్నవీ ఒకే సంచిలో పెట్టుకోండి. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా అన్నీ బల్ల మీద పరవండి.

అర్ధరాత్రి అడగడానికి ఎవరూ లేకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలీ మానస్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తండ్రికి నిద్ర పట్టకపోయినా అదే నంబరు.