హంపికి వెళ్లాం, బ్యానర్ చూశాం

చలికాలం మొదలైతే చాలు, మన హైదరాబాద్ కాలేజీలకు చరిత్ర మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. జూన్ నుంచి చరిత్ర పేరెత్తితే ఆవులించిన వాళ్లంతా నోటీసు బోర్డు దగ్గర గుమిగూడతారు. అక్కడో కాగితం: విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధి నిమిత్తం, పాఠ్యప్రణాళికలో భాగంగా, చారిత్రక నగరమైన హంపికి విజ్ఞాన యాత్ర. కింద సంతకం, పక్కన గుండ్రటి ముద్ర. ఆ వాక్యం మొత్తంలో నిజమైన మాట ఒక్కటే. అది హంపి.

కాగితం బోర్డెక్కిన సాయంత్రమే అసలు పరిశోధన తార్నాకలో మొదలవుతుంది. క్లాస్ రిప్రజెంటేటివ్ బస్సు బేరానికి దిగుతాడు. "అన్నా, నలభై ఐదు మందిమి. పుష్‌బ్యాక్ కావాలె. సౌండ్ సిస్టం మాత్రం మంచిగుండాలె." ట్రావెల్స్ అన్న అనుభవజ్ఞుడు. "గైడును గూడ మాట్లాడాల్నా తమ్మీ?" అని మర్యాదకు అడుగుతాడు. "గైడెందుకన్నా పైసలు దండుగ, గూగులున్నది గదా!" అంటాడు మనవాడు. ఆ మిగిలిన పైసలతో బ్యానర్ కొట్టిస్తారు. ఆరడుగుల వెడల్పు, పైన కాలేజీ గుర్తు, ఒక మూల సార్ ఫొటో, ఇంకో మూల రాతి రథం. ఈ యాత్రలో సొంతంగా తయారయ్యే ఏకైక విద్యా సామగ్రి అదే.

రాత్రి పదింటికి కదలాల్సిన బస్సు పన్నెండుకు కదులుతుంది. దారి పొడవునా సర్వతోముఖాభివృద్ధి డీజే మోతలో జరుగుతుంది. హంపి 370 కిలోమీటర్ల పైమాటే. తెల్లారేసరికి అందరూ ఎగిరెగిరి అలిసిపోయి ఉంటారు కాబట్టి హొసపేటలో స్నానాలు, టిఫిన్లు ముగించి హంపిలో దిగేసరికి ఎండ నడినెత్తికొస్తుంది. నాలుగు వేల హెక్టార్లకు పైగా పరుచుకున్న ఊరు, 1600కు పైగా కట్టడాల ఆనవాళ్లు. మనవాళ్లు దానికి కేటాయించిన సమయం మూడు గంటలు, అందులో భోజనం కూడా కలిసే ఉంది. "జల్ది రండ్రా, లేటయితే డ్యామ్ కాడ ఫౌంటెన్ షో మిస్సయితం" అని సారే తొందరపెడతారు.

1520 ప్రాంతంలో డొమింగో పాయిస్ అనే పోర్చుగీసువాడు ఇదే ఊరికొచ్చాడు. సర్వతోముఖాభివృద్ధి ఉత్తర్వు ఆయన దగ్గర లేదు, టీఏ డీఏ అంతకన్నా లేదు. అయినా బజార్లలో ఏమేం అమ్ముతున్నారో, రాయలు ఎలా ఉంటాడో, కుస్తీలు ఎలా పడుతున్నారో, చెరువు ఎలా తవ్విస్తున్నారో అన్నీ రాసిపెట్టాడు. కొండెక్కి చూసినా కొండల చాటున ఊరంతా కనబడలేదనీ, కనబడినంత మేరకే రోమ్ అంత ఉందనీ రాశాడు. మనవాళ్లూ మాతంగ కొండ ఎక్కుతారు. వాళ్లకు ఊరు అసలే కనబడదు, ఎందుకంటే ఊరికి వీపు పెట్టి ఫోనుకు మొహం పెడతారు.

తిరిగొచ్చాక రిపోర్టు. ఇది పాయిస్‌కు చేతకాని ప్రక్రియ. సీనియర్ల రిపోర్టు తెచ్చి, పేరు మార్చి, రోల్ నంబరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయిస్తే అయిపోయింది. ఆ సీనియర్లు వెళ్లినప్పుడు వాన పడింది కాబట్టి ఇప్పుడు మండుటెండలో వెళ్లొచ్చిన వాళ్లు కూడా వానలో తడుస్తారు. నలభై ఐదు మందీ ఒకే పేరాలో పులకించిపోతారు. ప్రతి రిపోర్టులోనూ విఠల దేవాలయం ముందున్న రథం "ఏకశిలా నిర్మితం". ఆ రథం ఏకశిల కానే కాదు. చాలా రాళ్లను అతుకు తెలియకుండా కూర్చి కట్టారు. పైన ఒకప్పుడు ఇటుకల శిఖరం ఉండేదని 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన ఫొటోలే చెబుతాయి. ముందు నిలబడ్డ ఏనుగుల వెనక్కి వంగి చూస్తే, అంతకు ముందున్న గుర్రాల కాళ్లూ తోకలూ ఇంకా కనబడతాయి. వంగి చూసే తీరిక ఎవరికుంది? అక్కడే కదా బ్యానర్ పట్టుకుని నిలబడాల్సింది! రథాన్నే చూడాలంటే జేబులోని యాభై రూపాయల నోటు మీద ఉంది, అంత దూరం పోనక్కర్లేదు.

కొందరు మాత్రం రాయిని ముట్టుకుని మరీ తెలుసుకున్నారు. 2019లో హంపిలో ఒక రాతి స్తంభాన్ని తోసి పడగొట్టి, ఆ వీడియో చక్కర్లు కొట్టడంతో దొరికిపోయిన నలుగురు కుర్రాళ్లకు కోర్టు తలా 70 వేల జరిమానా వేసి, ఆ స్తంభాన్ని వాళ్లతోనే మళ్లీ నిలబెట్టించింది. ఈమధ్య కాలంలో హంపిలో ఫీల్డ్‌వర్క్ అనదగ్గ పని చేసిన యాత్రికులు వాళ్లేనేమో. విజయనగర స్తంభం బరువెంతో వాళ్లకు జన్మలో మరుపు రాదు.

హైదరాబాద్ పిల్లలకు హంపిలో నేర్చుకోవడానికి ఏమీ లేకపోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆ కథలో సగం మనదే. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ప్రాణభయంతో పారిపోయి తలదాచుకున్నది విజయనగరంలోనే. ఏడేళ్లు అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అదే ఇబ్రహీం 1565లో మిగతా సుల్తానులతో చేతులు కలిపి, తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికే దండెత్తాడు. రామరాయల తల తెగింది, నగరం కొల్లబోయింది. మనవాళ్లు ట్యాంక్‌బండ్ మీద ఐస్‌క్రీం తింటూ చూసే హుస్సేన్‌సాగర్ ఆ ఇబ్రహీం ఏలుబడిలో తవ్వించిందే. సాయంత్రం ఫౌంటెన్ చూడబోయే తుంగభద్ర డ్యామ్ సంగతీ అంతే. దాన్ని హైదరాబాద్ సంస్థానం, మద్రాసు ప్రభుత్వం కలిసి 1945లో మొదలుపెట్టాయి. 2024 ఆగస్టులో ఆ డ్యామ్ పంతొమ్మిదో గేటు కొట్టుకుపోతే, పారే నీళ్లలోనే అడ్డు పలకలు దించి ఆపే పనికి దారి చూపింది కన్నయ్యనాయుడనే మన తెలుగు ఇంజినీరు. గేటు దగ్గర నిలబడి ఈ ముక్క చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ ఆ ఐదు నిమిషాలూ ఫౌంటెన్ రంగులు మార్చుకుంటూ ఉంటుంది.

నవ్వాగిపోయే చోటు ఒకటుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. పైనున్న ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారని, రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న పిల్లలకు తెలియదు. అదీ కాగితం మీద విద్యాయాత్రే. ఆ తర్వాత చాలా సంస్థలు నేర్చుకున్న పాఠం హామీపత్రం. ఏం జరిగినా మీదే బాధ్యత అని అమ్మానాన్నల చేత ముందే సంతకం పెట్టించుకుంటారు. వెంట వెళ్లే సార్లలో వెళ్లే చోటు సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్న గడి మాత్రం ఆ పత్రంలో కనబడదు.

చూడటం కోసమే చేసే ప్రయాణం ఎలా ఉంటుందో తెలియాలంటే హంపి దాకా ఎందుకు? తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచి ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడితే చాలు. ఆ భవనం ఒక స్టడీ టూర్‌కు పుట్టిన బిడ్డ. విశ్వవిద్యాలయం ఎలా కట్టాలో చూసి రమ్మని నిజాం ప్రభుత్వం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని దేశదేశాలకు పంపింది. వాళ్లు ఊళ్లూ కట్టడాలూ కళ్లారా చూశారు, ఈజిప్టులో ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి పనితనం చూసి ఆయన్ని ఇక్కడికి రప్పించే దాకా ఊరుకోలేదు. 1939లో ప్రారంభమైన ఆ భవనమే వాళ్ల రిపోర్టు. స్పైరల్ బైండింగ్ లేదు, ముందు నిలబెట్టిన బ్యానర్ లేదు. ఎవరి రిపోర్టునూ చూసి రాయలేదు కూడా.

కాబట్టి అయ్యవార్లకు ఒక మనవి. ఇరవై ఏళ్ల పిల్లలు మూడు రోజులు బస్సెక్కి ఎగిరి గంతులేస్తే తప్పేమీ లేదు. చదువుకునే రోజుల్లో కాకపోతే ఇంకెప్పుడు వెళ్తారు? దాన్ని విహారయాత్ర అని రాసి, అదే ముద్ర వేసి, సంతోషంగా పంపండి. వాళ్ల చేత అబద్ధపు రిపోర్టు రాయించకండి. పిల్లలకు ఆ యాత్ర నేర్పేది అదొక్కటే, చేయని పనికి కాగితం పుట్టించడం. అలా కాదు, నిజంగా విజ్ఞానమే కావాలంటారా? వెళ్లే ముందు వారం రోజులు పాఠం చెప్పండి. హంపిలో రెండు రోజులు ఉంచండి. ఒక్కొక్కరికి ఒక్కో కట్టడం అప్పగించండి. తిరిగొచ్చాక, చేతిలో కాగితం లేకుండా, పది నిమిషాలు మాట్లాడమనండి. రెండిట్లో ఏదైనా సరే, హాయిగా చేయండి. మార్కులు మాత్రం రెండో దానికే వేయండి.