లైటు ఆర్పకు: ఒక డిస్కస్ సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: పిల్లలు పెద్దల ఒంటిని పట్టేదాకా లైటు ఆర్పకు, పట్టాక నీళ్లు మార్చడం మానకు.

అవతారిక: ఇంట్లో డిస్కస్ చేపలు పెంచేవారు నిత్యం పాటించే విధి ఇది. సూత్రానికి కర్త ఎవరో తెలియదు. కర్మ మాత్రం చేపలు కొని తెచ్చుకున్నవాడిదే.

ప్రతిపదార్థం: పిల్లలు = ఈత వచ్చి ఒక పూటైనా కాని డిస్కస్ పసికూనలు; పెద్దల = తల్లిదీ, తండ్రిదీ కూడా; ఒంటిని = ఒంటిమీది జిగురును; పట్టేదాకా = నోటితో అందుకునే వరకు; లైటు = రాత్రంతా వెలిగే చిన్న బల్బును; ఆర్పకు = కరెంటు బిల్లు గుర్తొచ్చినా ఆర్పవద్దు; నీళ్లు మార్చడం = ట్యూబుతో అడుగు మురికి లాగేసి, అంతే వెచ్చగా ఉన్న నీళ్లు పోయడం; మానకు = ఇంట్లో పెళ్లున్నా మానవద్దు.

వ్యాఖ్య: ‘ఒంటిని’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. డిస్కస్ అమెజాన్ నదీ ప్రాంతపు చేప. 1840లో ఆస్ట్రియా శాస్త్రవేత్త హెకెల్ దానికి సింఫైసోడాన్ డిస్కస్ అని పేరు పెట్టాడు. పెద్ద చేప పళ్లెంలా గుండ్రంగా ఉంటుంది. పిల్లకు ఆ పోలికే లేదు, తెగిపడిన దారప్పోగులా ఉంటుంది. తొట్టిలో నిలబెట్టిన మట్టి శంకువు మీద తల్లి గుడ్లు పెడుతుంది. నీళ్లు 28–30 డిగ్రీల వెచ్చన ఉంటే సుమారు రెండున్నర రోజులకు అవి పగులుతాయి. మరో రెండు మూడు రోజులు పిల్లలు అక్కడే అతుక్కుని తోకలాడిస్తాయి. ఆపైన ఈత.

ఈత వచ్చిన పిల్ల నల్లటి నీడ కోసం వెతుకుతుంది. ఆ రోజుల్లో తల్లిదండ్రుల ఒంటిరంగు ముదురుతుంది. గుంపంతా ఆ పక్కలకు చేరి, ముక్కుతో పొడిచినట్టుగా జిగురు కొరుక్కుతింటుంది. విసుగెత్తిన తల్లి ఒక్క విదిలింపు విదిలించి తప్పుకుంటుంది. మరుక్షణం మంద మొత్తం తండ్రి ఒంటిమీద. చంకబిడ్డను చేతులు మార్చుకోవడం చేపల్లోనూ ఉంది.

పాఠభేదం: ‘లైటు ఆర్పకు’ అన్నచోట ‘నల్ల ఫిల్టరు పెట్టకు’ అని కొందరి పాఠం. ఇదీ గ్రాహ్యమే. పసికూనకు నల్లగా కనిపించిందల్లా అమ్మే. స్పాంజి ఫిల్టరును కరుచుకున్నవి అక్కడే పస్తులుండి చస్తాయి. అందుకే పిల్లల తొట్టిలో ఇసుకా, రాళ్లూ, మొక్కలూ వేయరు.

పూర్వపక్షం: చేపకు పాలెక్కడివి?

సమాధానం: పాలు లేవు, పాలలాంటిది ఉంది. గుడ్లు పెట్టాక ఈ జిగురులో మాంసకృత్తులు, యాంటీబాడీలు పెరుగుతాయని 2010లో జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బయాలజీలో వచ్చిన పరిశోధన తేల్చింది. సుమారు రెండు వారాలు ఓపిగ్గా మేపిన జంట, మూడో వారంలో పిల్లల్ని తప్పించుకు తిరగడం మొదలుపెడుతుంది. పాలు మాన్పించడానికి వేపాకు ముద్ద అక్కర్లేదన్నమాట.

పూర్వపక్షం: కొత్త జంట గుడ్లను తానే తినేస్తే?

సమాధానం: తింటుంది కూడా. ఫ్లోరిడాలో డిస్కస్ పెంపకందారు జాక్ వాట్లీ గుడ్డు పచ్చసొన పొడిని ముద్దచేసి గిన్నె అంచుకు రాసి, పెద్దల తోడు లేకుండానే పిల్లల్ని పెంచి చూపాడు. అయితే రోజుకు ఎన్నోసార్లు మేత పెట్టి, ప్రతిసారీ గిన్నె శుభ్రం చేయాలి. కనుక అది ఆపద్ధర్మం.

తాత్పర్యం: ఈత మొదలైన నాలుగైదు రోజులకు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్య) పిల్లల్ని మేతగా వేయాలి. పిల్ల పొట్ట నారింజ రంగుకు తిరిగితే తిన్నట్టు లెక్క. తినగా మిగిలింది కుళ్లి అమ్మోనియా అవుతుంది, పసికూనలకు అది విషం. సూత్రంలోని రెండో సగం అందుకే పుట్టింది.

ఫలశ్రుతి: దీన్ని నిష్ఠగా ఆచరించినవారి తొట్టిలో దారప్పోగులు మెల్లగా పళ్లేలవుతాయి. రోజూ బకెట్టు మోయడం కుదరనివారికి ఈ సూత్రం వర్తించదు, వారికి గప్పీలున్నాయి.