తొమ్మిదిలోపు

గుంటూరు బ్రాడీపేటలో ల్యాప్‌టాప్ రిపేర్ల కొట్టు నడిపే రమణకి ఒక జబ్బుంది. మెషీన్ నెమ్మదిగా ఉందని ఎవరైనా అంటే, దాన్ని పరిగెత్తించేదాకా అతనికి నిద్ర పట్టదు. డబ్బు సంగతి తర్వాతే. కొట్టు అడ్వాన్సు మాత్రం ఊళ్లో అమ్మ పాలు పోసి కట్టింది. పల్నాడు వైపు పల్లె, ఒక్క ముర్రా గేదె.

ఒక సాయంత్రం ఇస్త్రీ చొక్కా పెద్దమనిషొకాయన ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ వేయించాను బాబూ. ఫోన్ యాప్ ఇందులోనే తెరవాలి. అది లేచేసరికి పుణ్యకాలం కాస్తా అయిపోతోంది. తొమ్మిదిలోపు నా పని అయిపోవాలి. ఆలస్యమవుతోందని మొన్న మెమో కూడా ఇచ్చారు."

"గేమ్స్ యాపా సార్?"

"ఈ వయసులో గేమ్సేంటయ్యా! ఆఫీసు పని. కెమెరా కూడా ఆగకుండా రావాలి."

రమణ ముందు టాస్క్ మేనేజర్ తెరిచాడు. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ కింద వర్చువలైజేషన్ 'డిసేబుల్డ్' అని ఉంది. సగం ఎమ్యులేటర్ల రోగం ఇక్కడే ఉంటుంది. ఇంటెల్ 2005 నుంచే ఈ సౌకర్యాన్ని ప్రాసెసర్లలో పెడుతోంది గానీ, చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. అది లేకపోతే ఎమ్యులేటర్ ప్రతి పనినీ సాఫ్ట్‌వేర్‌తోనే ఈడ్చుకురావాలి. ఆ తిప్పలు పడ్డవాళ్లకే తెలుసు.

అది ఆన్ చేశాక సెట్టింగ్స్ చూశాడు. మెషీన్లో ఉన్నదే 4 జీబీ ర్యామ్. అందులో 3 జీబీ ఎమ్యులేటర్‌కే రాసిచ్చారు. వచ్చిన చుట్టానికి కుండంతా వడ్డించి ఇంటిల్లిపాదీ పస్తున్నట్టుంది వ్యవహారం. విండోస్ ఊపిరాడక హార్డ్ డిస్క్ మీద పడి గీకుతోంది. రమణ ర్యామ్ 8 జీబీకి పెంచి, అందులో సగమే ఎమ్యులేటర్‌కి ఇచ్చాడు. నాలుగు కోర్లలో రెండు కేటాయించాడు. పాత హార్డ్ డిస్క్ పీకి ఎస్‌ఎస్‌డీ వేశాడు. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది ఎక్కించి, పవర్ మోడ్ మార్చాడు.

పరీక్షించేటప్పుడు లొకేషన్ పేజీ తెరుచుకుంది. మ్యాప్ మీద, పల్నాడులో ఎక్కడో, ఎర్ర పిన్ను ఒకటి గుచ్చి ఉంది. కస్టమర్ పెట్టుకున్నవి కదపకూడదని రమణ కొట్టు నియమం. పిన్ను జోలికి పోలేదు.

ఐదు నిమిషాలు పట్టే ఎమ్యులేటర్ అర నిమిషంలో లేచింది. పెద్దమనిషి మొహం చేటంతయింది. బిల్లు మీద ఐదొందలు ఎక్కువే ఇచ్చాడు. "గుంటూరు కదలకుండా నా కష్టాలు తీర్చావయ్యా" అని భుజం తట్టి వెళ్లాడు.

నెల తిరక్కుండానే అమ్మ ఫోన్ చేసింది.

"గేదె పోయిందిరా నాయనా."

ఈనిన రెండో రోజు కూలబడిందట. పాలజ్వరం. వేళకి నరానికి క్యాల్షియం ఎక్కించి ఉంటే లేచి నిలబడేదని పక్కూరి గోపాలమిత్ర ఆనక వచ్చి చెప్పాడట.

"మన పశువులాసుపత్రికి పోలేదామ్మా?"

"పోకేం! మూడు పూటలా పోయాం. తాళం. కొత్త డాక్టరు ఎట్టుంటాడో కూడా ఊళ్లో ఎవరం ఎరగం."

"మరి పైఆఫీసులో చెప్పలేకపోయారా?"

"సర్పంచి ఫోన్ చేశాళ్లే. వాళ్లు కంప్యూటర్లో చూసి చెప్పారంట. ఇదివరకు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు, మేమే మెమో ఇచ్చాం, అప్పట్నుంచి మనిషి మారిపోయాడు, ఈ నెల్లో ఒక్క రోజు కూడా తొమ్మిది దాటలేదు, ఆసుపత్రిలో కూర్చున్న ఫొటోతో సహా పడుతోంది అని."