కొబ్బరిచెట్టు ఎంబీఏ తప్పింది

ఐనవిల్లి వినాయకుడి పూజలో పెట్టిన పెన్నుతో రాస్తే పరీక్ష గట్టెక్కుతుందని కోనసీమ పిల్లల నమ్మకం. ఏటా పరీక్షల ముందు గుళ్లో పెన్నులు పంచుతారు. ఆ పెన్నుతో ఎంబీఏ కుర్రాళ్లు ఇప్పుడో కొత్త ప్రశ్నకు జవాబు రాస్తున్నారు: 'సస్టెయినబిలిటీ అనగానేమి? వివరింపుము.'

జవాబు అందరికీ నోటికొచ్చు. రేపటి తరాల నోట మట్టి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవాలని 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పిన మాట, 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 లక్ష్యాలు, కంపెనీల చట్టం లాభంలోంచి అడిగే 2 శాతం సామాజిక బాధ్యత. పక్కన పచ్చ స్కెచ్‌తో ఓ ఆకు బొమ్మ. ప్రకృతి రక్షింపబడెను.

మర్నాడు ఫైనాన్స్ పరీక్ష. అదే బల్ల, అదే పెన్ను. ఇక్కడి విద్య పేరు డిస్కౌంటింగ్, అంటే రేపటి డబ్బుకు ఇవాళ్టి విలువ కట్టడం. 12 శాతం లెక్కన 30 ఏళ్ల తర్వాత వచ్చే వంద రూపాయల నష్టం ఇవాళ 3 రూపాయల 34 పైసలు. నిన్న రక్షించిన రేపటి తరం ఇవాళ అరకప్పు టీ ఖరీదు చేయదు. రెండు పేపర్లూ పాసైనవాడికే డిగ్రీ!

ఈ లెక్కన మా తాతలంతా తప్పినట్టే. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, ఆ పైన తరాల తరబడి కాస్తుంది. డెబ్బయ్యో ఏట గొయ్యి తవ్వి మొక్క పెడుతున్న ముసలాయన్ని 'నెట్ ప్రెజెంట్ వాల్యూ చూశారా తాతగారూ?' అంటే, 'మనవడు చూసుకుంటాడ్లేరా' అనేవాడు. సున్నా మార్కులు. ఆ చెట్టు బొండాలే కొట్టించి, ప్లాస్టిక్ ఫ్లెక్సీ కింద మనం సస్టెయినబిలిటీ సెమినార్ జరుపుకుంటాం.

కేస్ స్టడీ కోసం అమెరికా వెళ్లి పర్యావరణం పేరు చెప్పే పటగోనియా కంపెనీ జాకెట్లు వెతకనక్కర్లేదు. 1995లో కోనసీమలోనే పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు లేక, మురుగు కాలువలు పూడిపోయి, కోనసీమ రైతులు నాట్లే మానేసి పంట విరామమన్నారు. గోదావరికి వరద తగిలితే ఐనవిల్లి మండలంలోని ఎదురుబిడియం కాజ్‌వే మునుగుతుంది. ఆ నీళ్లు దాటుకుని క్లాసుకొచ్చిన కుర్రాడికి మేష్టారు స్లైడు మీద ధ్రువపు ఎలుగుబంటిని చూపిస్తారు. ఆయ్, పాపం ఎలుగుబంటండి!

సస్టెయినబిలిటీ చదువు ఉండాల్సిందే. దాని చోటు మాత్రం ఫైనాన్స్ పేపరు. రొయ్యల చెరువు లాభంలోంచి పక్క చేను ఉప్పుబారిన నష్టం తీసేసి, మిగిలిందే లాభమని చెప్పండి. ఈసారి స్వామివారి పెన్నొకటి సిలబస్ రాసే పెద్దలకూ పంపుదాం. ముందా 3 రూపాయల 34 పైసలు దిద్దమందాం.