టాంకు మీద తడి గోనెసంచి

ఇనుము వేడికి పెరుగుతది, చల్లబడితే తగ్గుతది. ఎడ్లబండి చక్రానికి పట్టాను కాల్చి ఎక్కించేది ఈ లెక్కతోనే. బడిల పిల్లలకు ఏండ్ల తరబడి నేను చెప్పిన పాఠం ఇది. ఆ పాఠాన్నే తలకిందులు చేసి నా స్ప్లెండర్ బండిని తగలబెట్టబోయిన.

మా ముత్యంపేట నుంచి మెట్‌పల్లికి రోజూ పోయి వచ్చుడు. కొన్నాళ్ల నుంచి హ్యాండిల్ సూటిగా ఉన్నచోట టక్కుమని ఆగుతుండె. కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ బేరింగ్, పోయిందన్నడు మెకానిక్. చక్రం బేరింగ్ గుండ్రంగ తిరుగుతది కాబట్టి అరుగుడు అంతటా పంచుకుంటది. హ్యాండిల్ బేరింగ్‌కు ఆ భాగ్యం లేదు. బండి సూటిగా పోయినంతసేపు గోలీలన్నీ ఒక్క జాగల్నే కూసుంటయి, గుంతల దెబ్బలన్నీ అక్కడ్నే తింటయి. గ్రీజు పక్కకు పోతది, కప్పుల సొట్టలు పడ్తయి. ఈ సొట్టలకు ఇంజనీర్లు స్వీడన్‌కు చెందిన యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ పేరు పెట్టిన్రు. లోహం మీద ఉక్కు గోలీని ఒత్తి, పడ్డ సొట్టను కొలిచి గట్టిదనం లెక్కగట్టే పద్ధతిని 1900 సంవత్సరంల లోకానికి చూపెట్టినాయన.

ఇదంతా తెలిసిన నేను కూలి పైసలు విని 'ఇంత చిన్న పనికా' అనుకుంట బండి వెనుకకు తిప్పుకొచ్చిన. పైసలు ఉత్త సాకే. ఫిజిక్స్ చెప్పేటోడు రెండు ఇనుప కప్పులు ఊడదీయలేడా అన్న పొగరు అసలు రోగం.

హ్యాండిల్ తిరిగే గొట్టంలకెల్లి పై కప్పు తొందరగానే వచ్చింది. ఆ సంబురంల కింది కప్పును రాడ్డు అందిన పక్కనే కొట్టుకుంట పోయిన. అట్ల కొడితే కప్పు వంకరైతది. వంకరైందంటే గొట్టంల ఇంకింత బిగుసుకుంటది. అటొక దెబ్బ ఇటొక దెబ్బ మార్చి మార్చి కొట్టాలె. నేను కొట్టిన కొద్దీ అంచు పెళ్లున విరిగి, పెచ్చు పోయి గోడకు తాకింది. బేరింగ్ ఉక్కు వంగే రకం కాదు, విరిగే రకం. కండ్లకు అద్దాలు సుత పెట్టుకోలేదు.

ఇగ పాఠం యాదికొచ్చింది. గ్యాస్ టార్చ్ తెచ్చి గొట్టం లోపలికి మంట పెట్టిన. పెట్రోల్ టాంకు ఆ గొట్టం వెనకాలనే, జానెడు దూరం. దించుడెందుకని దాని మీద తడి గోనెసంచి కప్పి, ఎంత తెలివో అనుకున్న.

"ముందు ఆ టాంకు దియ్యరాదు?" అన్నది నా భార్య వాకిట్ల నిలబడి.

"నీకు తెల్వదు" అన్న.

పాత గ్రీజు పొగ కక్కింది. వైర్ల తొడుగులు కరిగి ఒకదానికొకటి అంటుకున్నయి. కప్పు మాత్రం కదలలేదు. ఎందుకు కదుల్తది? లోపలున్న కప్పుకు ముందు వేడి తగిలితే అదే పెరిగి గొట్టాన్ని గట్టిగ పట్టుకుంటది. తర్వాత గొట్టం సుత వేడెక్కితే రెండూ సమానంగ పెరుగుతయి, లాభం సున్న. సంచి అంచు నుంచి పొగ లేచినప్పుడు గానీ టార్చ్ ఆర్పలేదు.

ట్రాలీ ఆటోల బండిని వేసుకొని వెల్డింగ్ షాపుకు పోయిన. అక్కడ ముచ్చట పెట్టుకుంట ఒక పెద్దమనిషి కూసున్నడు. 2015 డిసెంబర్ల మూతపడ్డ మా ఊరి చక్కెర ఫ్యాక్టరీల ఫిట్టర్ పని చేసినాయన. మాడిన గొట్టం చూసి నవ్విండు.

"చెరుకు పిండే రోలర్ చూసినవా సారూ? లోపల ఉక్కు ఇరుసు, పైన పోత ఇనుము డొల్ల. డొల్లను కాల్చి ఇరుసుకు తొడిగేది. బయటిదాన్ని కాల్చాలె. నువ్వు లోపలిదాన్ని కాల్చినవ్."

చక్కెర మిల్లు పాఠం నా ఊర్లనే ఉన్నది, నేను పుస్తకంల ఎడ్లబండి దగ్గర్నే ఆగిన.

వెల్డింగ్ తమ్ముడు ముందుగాల టాంకు దించి దూరం పెట్టిండు. బ్యాటరీ వైరు విప్పిండు. కప్పు లోపలి గోడ చుట్టూ ఒక వరుస వెల్డింగ్ తిప్పి, గుట్క నోట్లె వేసుకొని కూసున్నడు. ఎర్రగ కాలినప్పుడు కప్పు పెరగబోతది, చుట్టూ చల్లటి గొట్టం పెరగనియ్యదు. మెత్తబడి ఉన్నది గనుక తనల తానే నలుగుతది. చల్లారేటప్పుడు వెల్డింగ్ వరుస సుత దగ్గరికి గుంజుకుంటది. ఉక్కు డిగ్రీకి లక్ష వంతులల్ల 1.2 వంతు మారుతది. 50 మిల్లీమీటర్ల రింగు 200 డిగ్రీలు చల్లబడితే తగ్గేది 0.12 మిల్లీమీటర్లు. బిగువు విడిపించడానికి గంతే చాలు. రాడ్డుతోని చిన్నగ తట్టిండు, కప్పు నేల మీద పడ్డది. నా గొట్టుడంతా ఆ గొట్టం గోడ మీద గీతలై కనబడ్డది. ఆకురాయితోని ఆ తమ్ముడే నున్నగ చేసిండు.

కొత్త కప్పులను రాత్రంతా ఫ్రిజ్ల పెట్టి, పొద్దున పాత పై కప్పును మీద ఆనించి కొడితే సక్కగ దిగినయి. కోన్ సెట్టు కన్నా కాలిన వైరింగ్‌కే ఎక్కువ ఖర్చయింది. టాంకు సంగతి ఇంట్ల ఇప్పటికీ ఎత్తుతనే ఉంటరు.

మీ బండికి సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్ల లేపి హ్యాండిల్ మెల్లగ తిప్పి చూడుండ్రి. నడుమ ఆగినట్టయితే మెకానిక్ దగ్గరికి పోండ్రి. మీరే చేసుకుంటమంటే సరే, గని నిప్పు తెచ్చేముందు టాంకు దించుండ్రి.