ఐదో వేలు

కొత్తగూడ చౌరస్తాలో 2023 జనవరి 1న ఫ్లైఓవర్ తెరిచాక కార్లన్నీ పైనుంచే పోతున్నాయి. కింద సందుల్లో మాత్రం ఇప్పటికీ కోళ్లు కూస్తాయి. మేం అద్దెకు చూడబోయిన నాలుగంతస్తుల బిల్డింగ్ డాబా మీదైతే పెద్ద సంసారమే ఉంది. అన్నీ పొట్టి బాంటమ్ కోళ్లు, ఒకదానికొకటి పోలిక లేదు.

ఓనర్‌ది అక్కడి పాత కుటుంబం. పొలం పోయి బిల్డింగ్ వచ్చింది గానీ కోళ్ల పిచ్చి పోలేదు. మొదటి జత చార్మినార్ దగ్గర ముర్గీచౌక్‌లో కొన్నాడట. ఆ తర్వాత ఏది దేనితో కలిసిందో ఆయనకే లెక్క లేదు. డబుల్ బెడ్రూమ్ చూపించడం మానేసి, "దీని తాత ఎవలో చెప్పున్రి చూద్దాం" అంటూ ఒక పెట్టను మా ఆవిడ చేతిలో పెట్టాడు.

పెట్టాల్సిన చేతిలోనే పెట్టాడు. ఆవిడది భీమవరం దగ్గర పల్లె. డేగ, కాకి, సేతువ అని పుంజుల రంగులు అఆల కంటే ముందే వచ్చేశాయి. ఆ తర్వాత చదివింది జెనెటిక్స్. రంగు వంక చూడనైనా చూడకుండా సరాసరి కాళ్లు పట్టుకుంది.

"వేళ్లు ఐదున్నాయంకుల్. మామూలు కోడికి నాలుగే. దీని వెనకాల ఎక్కడో సిల్కీ ఉంది."

"సిల్కీ అయితే దూదిలెక్క ఉండాలె గద బిడ్డా? దీనికి మామూలు ఈకలే."

"ఈక దాక్కుంటుందండీ. తల్లీ తండ్రీ ఇద్దరూ ఇస్తేనే దూదిలా వస్తుంది. ఒక్కరే ఇస్తే లోపలే ఉండిపోయి, ఎప్పుడో మనవళ్ల తరంలో బయటపడుతుంది. ఐదో వేలు అలాక్కాదు, ఒక్కరిచ్చినా పైకొస్తుంది."

"మరి గీ కాళ్ల మీది ఈకలు?"

"అవి కొచ్చిన్‌వి." పేరుకే కొచ్చిన్, ఆ జాతి వచ్చింది చైనా నుంచట.

ఇక మూడోది, ఆవిడ చేతికిచ్చిన కోడిపిల్ల, ఆయన మనసులో ఎప్పట్నుంచో నలుగుతున్న కేసు. తల్లికీ తండ్రికీ నెత్తిమీది తురాయి అక్రోటుకాయలా ముడుచుకుని ఉంటే, ఈ పిల్లకి రంపం పళ్లలా నిటారుగా లేచింది. పక్కింటి పుంజు గోడ దూకిందని ఓనర్ అనుమానం. దాని మీద పక్కింటాయనతో మాటలు కూడా బందయ్యాయి.

"ఏ పుంజూ దూకక్కర్లేదంకుల్. ఆ అక్రోటు తురాయి రెండు రకాలు కలిస్తే వచ్చేది. అలా కలగలిసిన జంటకి పదహారు పిల్లల్లో ఒకటి ఇలా పుట్టొచ్చు. కేంబ్రిడ్జ్‌లో బేట్సన్, పన్నెట్ అనేవాళ్లు వందేళ్ల కిందటే లెక్క తేల్చారు."

ఓనర్ పక్కింటి గోడ వైపు కాస్త సిగ్గుగా చూశాడు. తర్వాత ముఖమంతా నవ్వు. "ఇన్ని కలిసినయి గన్కనే నా కోళ్లు రోగానికి ఆగుతున్నయమ్మా. అడ్వాన్స్ రెండు నెలలది వద్దు, ఒక్క నెలదే ఇయ్యున్రి. ఇగ నా వంతు, మీది నేను చెప్త. నీ మాట భీమవరం దిక్కుది. సార్‌ది వరంగల్."

రెండూ కరెక్టే. మా ఆవిడ పకపకా నవ్వింది.

"ఇంటిపేరు సార్?"

చెప్పాను. తలూపాడు.

"నీ పుట్టింటోళ్లదమ్మా?"

ఆవిడా చెప్పింది.

"అంటే మీరిద్దరు..."

"లవ్ మ్యారేజ్ అంకుల్."

"మంచిది, మంచిది" అంటూ ఆవిడ చేతిలోంచి కోడిపిల్లను తీసుకున్నాడు.

సాయంత్రం బ్రోకర్ ఫోన్ చేశాడు. "ఆ ఇల్లు ఓనర్ తమ్ముని కొడుక్కి కావాల్నట అన్నా."

"పొద్దున ఆ మాటే అనలేదే?"

"ఏమో అన్నా. గానీ మేడమ్‌కి ఓ జత పిల్లల్ని పైసలు లేకుండనే ఇస్తడట, తీస్కపొమ్మన్నడు. మంచి క్రాసట."