ఎమ్మీ జోస్యుల కందాయ ఫలాలు

ఏటా జూలైలో అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీలకు నామినేషన్లు ప్రకటిస్తారు, సెప్టెంబరులో అవార్డులు పంచుతారు. నడుమ ఉన్న రెండు నెలలూ హాలీవుడ్ పత్రికల్లో జోస్యాల సీజన్. ఉత్తమ కామెడీ సిరీస్ ఏది, ఉత్తమ హాస్యనటుడెవరు, సహాయనటి ఎవరు అని బల్లగుద్ది చెప్పే పండితులకు అప్పుడు క్షణం తీరిక ఉండదు. వాళ్ల జాబితాల్లో తరచూ రెండు గడులుంటాయి: గెలిచేది, గెలవాల్సింది. ఎంత సుఖమైన ఏర్పాటో చూడండి. మొదటి గడిలోది గెలిస్తే పండితుడికి ముందుచూపు ఉన్నట్టు. రెండో గడిలోది గెలిస్తే మంచి అభిరుచి ఉన్నట్టు. రెండూ కాక మూడోది గెలిస్తే ఓట్లేసినవాళ్లకు బుద్ధి లేనట్టు.

మన ఉగాది పంచాంగ శ్రవణానికీ దీనికీ పెద్ద తేడా కనిపించదు. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం బదులు ఇక్కడ ఊపు, బాకీ, జాలి, ప్రచారం. ఫలానా సిరీస్‌కు ఈ వారం ఊపు తగ్గింది. ఫలానా నటికి అవార్డు ఎన్నాళ్లుగానో బాకీ ఉంది. కాకపోతే మన సిద్ధాంతిగారు ఏడాదికి ఒక్కసారే చదువుతారు. కర్కాటక రాశికి అవమానం రెండని చెప్పాక మళ్లీ శుక్రవారం వచ్చి "సవరించుకుంటున్నాను, నాలుగు" అనరు. హాలీవుడ్ సిద్ధాంతులు వారం వారం సవరిస్తారు. ఓటింగు ముగిసి పెట్టెకు తాళం పడ్డాక కూడా సవరిస్తారు. 2000లో మొదలైన గోల్డ్ డెర్బీ అనే సంస్థకైతే ఏకంగా ఇదే వ్యాపారం. విమర్శకులు, సంపాదకులు, సరదాకి పాల్గొనే జనం, అందరి అంచనాలనూ కలగలిపి రేసుగుర్రాలకు కట్టినట్టు ప్రతి నటుడికీ ఒక రేటు కడుతుంది.

ఇన్ని లెక్కల్లో ఒక్కటి మాత్రం కనపడదు. ఆ సిరీస్ చూసి వీళ్లు నవ్వారా లేదా? కామెడీ అవార్డు గురించి పేజీలకు పేజీలు రాసిన మనిషి తనకు ఏ సీనులో నవ్వొచ్చిందో ఒక్క వాక్యం రాయడు. నవ్వొచ్చిందని చెప్పుకుంటే విశ్లేషకుడు కాస్తా మామూలు ప్రేక్షకుడైపోతాడని భయం కాబోలు. నటీనటుల పోటీలో ఉన్నవాళ్లు తమ పనికి నమూనాగా ఒక ఎపిసోడ్ ఎంచి, అవార్డులిచ్చే టెలివిజన్ అకాడమీకి ఇవ్వాలి. ఆ ఎపిసోడ్ల మీద జరిగే చర్చ వినాలి. అందులో ఏడుపు సీను ఉందా? గొంతు పూడుకుపోయే మాటలున్నాయా? తల్లి చావో, విడాకులో ఏమైనా తగిలాయా? ఉంటే అది బలమైన ఎపిసోడ్. అరగంటసేపు పొట్ట చెక్కలయ్యేలా నవ్వించి ఊరుకుంటే, పాపం, సరైన ఎపిసోడ్ దొరకలేదు.

'ద బేర్' వచ్చాక ఈ తమాషా పరాకాష్ఠకు చేరింది. అన్న ఆత్మహత్య చేసుకుంటే, షికాగోలో అతని శాండ్‌విచ్ కొట్టును నెత్తినేసుకున్న తమ్ముడి కథ అది. రెండో సీజన్‌లో 'ఫిషెస్' అని గంట దాటిన ఎపిసోడ్ ఒకటుంది. క్రిస్మస్ ముందురోజు రాత్రి. వంటింట్లో తల్లి ఏడు రకాల చేపల వంటకాలతో కుస్తీ పడుతుంటుంది. టైమర్లు ఒకదాని వెనక ఒకటి మోగుతుంటాయి, వైను గ్లాసు ఖాళీ అవుతుంటుంది. సాయం చేయబోయినవాళ్ల మీద విరుచుకుపడుతుంది, మరుక్షణం ఎవరూ సాయం చేయడం లేదని ఏడుస్తుంది. భోజనాల బల్ల దగ్గర పెద్ద కొడుకు ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మీదికి ఫోర్కులు విసురుతాడు. చివరికి ఆ తల్లి కారెక్కి, ఇంటి గోడ బద్దలు కొట్టుకుంటూ కారుతో సహా లోపలికి వస్తుంది. అద్భుతమైన ఎపిసోడ్, కాదనను. చూశాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. తల్లిగా వేసిన జేమీ లీ కర్టిస్‌కు 2024లో ఎమ్మీ ఇచ్చారు. ఏ విభాగంలో అంటారా? కామెడీలో అతిథి నటి. దర్శకుడు క్రిస్టఫర్ స్టోరర్‌కూ ఇచ్చారు. అదీ కామెడీలోనే.

అరగంట సిరీసులను కామెడీ కింద, గంటవాటిని డ్రామా కింద వేసుకోవడం అక్కడ పాత అలవాటు. 2015లో అకాడమీ దాన్నే నిబంధనగా పెట్టింది. దాంతో 'ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్' అంతకుముందు ఏడు కామెడీగా పోటీపడి ఆ ఏడు డ్రామాగా పోటీపడాల్సి వచ్చింది. అందులో నటించిన ఉజో అడూబా ఒకే పాత్రకు 2014లో కామెడీ ఎమ్మీ, 2015లో డ్రామా ఎమ్మీ పట్టుకెళ్లింది. పాత్ర అదే, జైలు అదే, జుట్టుముడులూ అవే. 2021లో ఆ నిబంధన ఎత్తేసినా, నవ్వును ఏళ్లతరబడి గడియారంతో కొలిచిన చోట పండితులు కూడా గడియారం చూసే రాస్తారు. 'ద బేర్' అసలు కామెడీయేనా అని సోమవారం ఒక వ్యాసం, ఉత్తమ కామెడీగా గెలిచేది అదేనని గురువారం ఇంకో వ్యాసం. 2024 సెప్టెంబరు వేడుకకు వ్యాఖ్యాతలుగా వచ్చిన తండ్రీకొడుకులు యూజీన్ లెవీ, డాన్ లెవీ ఆ సిరీస్ మీద జోకు వేస్తారని మీరు ఎదురుచూస్తుండొచ్చు, కానీ ఆ సిరీస్ స్ఫూర్తితోనే మేం జోకులేమీ వెయ్యం అనే అర్థంలో ఒక్క మాటని ఊరుకున్నారు. రెండు నెలల జోస్య సాహిత్యమంతా ఆ ఒక్క మాటకు సరితూగదు.

అసలు వినోదం ఆ రాత్రి చివర్లో. 'ద బేర్'కు 23 నామినేషన్లు, కామెడీల్లో అప్పటికి అదే రికార్డు. ఆ ఏడు మొత్తం 11 ఎమ్మీలు గెలిచింది, అదీ అప్పటికి రికార్డే. పండితుల్లో ఎక్కువమంది దాని పేరే రాసి పెట్టుకున్నారు. ఆఖరి కవరు తెరిస్తే 'హ్యాక్స్'.

తెల్లారేసరికి కారణాలు తయారు. మూడో సీజన్ బాగోలేదు కదా అన్నారు. పోటీలో ఉన్నది రెండో సీజన్. ఎమ్మీ సంవత్సరం జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. మూడో సీజన్ 2024 జూన్‌లో వచ్చింది, ఓట్లు ఆగస్టులో పడ్డాయి. పోనీ, రెండో సీజన్‌కు పడాల్సిన ఓటు మూడో సీజన్ చూసి పోయిందనే అనుకుందాం. ఆ మూడో సీజన్‌ను పండితులూ జూన్‌లోనే చూశారుగా, ఈ ముక్క ఆగస్టులో ఎందుకు తోచలేదు? ఇంకో కారణం కూడా తెచ్చారు: హాలీవుడ్‌కు తన గురించి తీసిన కథలంటే మోజట, 'హ్యాక్స్' ఒక పాతతరం కమెడియన్ కథ కాబట్టి గెలిచిందట. ఆ కమెడియన్ 2021లోనూ అదే కమెడియన్, 2022లోనూ అదే కమెడియన్. ఆ రెండుసార్లూ 'హ్యాక్స్' పోటీలో ఉండగానే ఫుట్‌బాల్ కోచ్ కథ 'టెడ్ లాసో'కు ఇచ్చారు. మోజు అప్పుడు ఎక్కడికి వెళ్లిందో ఏ సిద్ధాంతీ చెప్పడు.

నిజానికి ఈ విద్యలో పనికొచ్చిన సూత్రం ఒక్కటే, దానికి పండితుడు అక్కర్లేదు: నిరుడు గెలిచిందే ఈ ఏడూ గెలుస్తుంది. 'ఫ్రేజర్' 1994 నుంచి 1998 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది. '30 రాక్' మూడుసార్లు, 'మోడర్న్ ఫ్యామిలీ' 2010 నుంచి 2014 దాకా అయిదుసార్లు, వెంటనే 'వీప్' మూడుసార్లు. 2008 నుంచి 2017 వరకు ఏటా కళ్లు మూసుకుని నిరుటి పేరే రాసినవాడికి పదికి ఎనిమిది మార్కులు. ఆ కాలంలో ఎవరికైనా ఘటికుడన్న పేరొచ్చి ఉంటే అందులో సింహభాగం 'మోడర్న్ ఫ్యామిలీ'దే. అదే పని 1999 నుంచి 2006 వరకు చేసినవాడికి ఎనిమిదికి సున్నా. 'ఆలీ మెక్‌బీల్', 'విల్ అండ్ గ్రేస్', 'సెక్స్ అండ్ ద సిటీ', 'ఫ్రెండ్స్' అంటూ ఏటికేడు చేతులు మారింది. 2018 నుంచి 2025 దాకా ఎనిమిదేళ్లలో సూత్రం ఫలించింది ఒక్కసారే, 2022లో 'టెడ్ లాసో'కు. ఇలా ఒక దశాబ్దం పలికి ఇంకో దశాబ్దం పలకని దాన్ని శాస్త్రం అనాలంటే కాస్త ధైర్యం కావాలి.

ఇక బాకీ సిద్ధాంతం. ఇన్నేళ్లుగా రాలేదు కాబట్టి ఈసారి వచ్చి తీరుతుంది అనడం. దీనికి బాబ్ న్యూహార్ట్‌ను సాక్ష్యంగా తెస్తారు. అర్ధశతాబ్దం టీవీలో నవ్వించాక 2013లో, 'బిగ్ బ్యాంగ్ థియరీ'లో అతిథి పాత్రకు ఆయనకు తొలి ఎమ్మీ వచ్చింది. మరి 'ద హనీమూనర్స్' జాకీ గ్లీసన్? తోడుగా వేసిన ఆర్ట్ కార్నీ ఎమ్మీలు ఇంటికి మోసుకెళ్తుంటే ఆయన బాకీ బాకీగానే ఉండిపోయింది. ఒక కామెడీ సిరీస్‌లో వేసిన లెస్లీ నోప్ పాత్రకు ఎమీ పోలర్ ఆరుసార్లు నామినేట్ అయి ఆరుసార్లూ చప్పట్లు కొట్టి ఇంటికెళ్లింది. 'ది ఆఫీస్'లో మైకేల్ స్కాట్‌గా వేసిన స్టీవ్ కరెల్‌దీ అదే లెక్క, ఆరుకు సున్నా. ఇంకోవైపు 'వీప్'కు వరసగా ఆరు ఎమ్మీలు కొట్టిన జూలియా లూయీ-డ్రైఫస్ క్యాన్సర్ నుంచి కోలుకుని 2019లో ఆఖరి సీజన్‌తో వచ్చింది. ఊపు, జాలి, వీడ్కోలు, నటనకు తొమ్మిదో ఎమ్మీతో కొత్త రికార్డు, అన్ని గ్రహాలూ ఉచ్చలోనే ఉన్నాయి. అవార్డు 'ఫ్లీబ్యాగ్' ఫీబీ వాలర్-బ్రిడ్జ్‌కు వెళ్లింది.

ఓటు వేసేది ఎవరో చూస్తే ఈ గ్రహస్థితి ఎందుకు పనిచేయదో తెలుస్తుంది. టెలివిజన్ అకాడమీలో ఓటున్న సభ్యులు 20 వేలకు పైగానే. నటన అవార్డులకు నటులే ఓటేస్తారు, ఉత్తమ సిరీస్‌కు కెమెరావాళ్లూ ఎడిటర్లూ సహా అందరూ వేస్తారు. లెక్క చూసేది ఎర్నెస్ట్ అండ్ యంగ్ ఆడిటర్లు. ఎవరికెన్ని పడ్డాయో ఫలితం వచ్చాక కూడా చెప్పరు. అంటే పండితుడు కిందటేడు ఎంత తేడాతో తప్పాడో పండితుడికే తెలియదు. తప్పు కొలిచే దారే లేని చోట నిపుణత ఎలా వస్తుంది? పరిచయమున్న నలుగురు ఓటర్లు కాఫీ తాగుతూ అన్నది వింటాడు, ఆ నలుగురూ అంతకుముందు ఈయన రాసిందే చదివి ఉంటారు.

ఆ రాత జరిగే స్థలం కూడా చూడాలి. జోస్యాలు అచ్చేసే పత్రికల్లోనే స్టూడియోలు "మీ పరిశీలన కోసం" అంటూ పేజీలకు పేజీలు ప్రకటనలు ఇస్తాయి. పోటీ ఎంత ఉత్కంఠగా కనిపిస్తే అంత ప్రకటన. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు అని నిజం రాస్తే ఒక్క పేజీ కూడా అమ్ముడుపోదు. వెరైటీ, హాలీవుడ్ రిపోర్టర్, డెడ్‌లైన్, గోల్డ్ డెర్బీ నాలుగూ పెన్స్కీ మీడియా గొడుగు కిందివే. యజమాని చెప్పి రాయిస్తాడని నేననను, ఆ అవసరమే రాదు. ఒకే అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఒకే ఊపు తగులుతుంది, దాన్నే నలుగురి ఏకాభిప్రాయం అంటారు.

మనకూ జోస్యులు కొత్తకాదు. సర్వేల ఆక్టోపస్‌గా పేరుపడ్డ లగడపాటి రాజగోపాల్ 2018 తెలంగాణ ఎన్నికల్లో ప్రతిపక్ష కూటమికి మొగ్గు చూపారు, టీఆర్ఎస్‌కు 119లో 88 సీట్లొచ్చాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం అన్నారు, వైసీపీకి 175లో 151 వచ్చాయి. ఆ దెబ్బతో ఆయన సర్వేలకు దూరంగా ఉంటానని ప్రకటించారు. ఆయన్ని మనం ఎంత ఆటపట్టించామో అందరికీ తెలుసు. హాలీవుడ్ పండితుల్లో అలా దండం పెట్టి తప్పుకున్నవాడు నా కంట ఇంతవరకు పడలేదు. ఫలితాల మర్నాడే వచ్చే ఏడాది జాబితా మొదలుపెడతారు. అందులో సగం సిరీసుల షూటింగు ఇంకా పూర్తయి ఉండదు.

వాళ్లు చెప్పింది ఎప్పుడూ జరగదని కాదు. 2025లో 'ద స్టూడియో' అన్నారు, గెలిచింది. 13 ఎమ్మీలతో 'ద బేర్' రికార్డును దాటింది కూడా. తన పేరు వేదిక మీద ఎవరైనా చెబుతారా అని అవార్డుల రాత్రి గిలగిల్లాడే స్టూడియో అధిపతి మీద అందులో ఒక ఎపిసోడే ఉంది. అవార్డుల పిచ్చిని ఎగతాళి చేసిన సిరీస్ గెలుపును అవార్డుల పిచ్చితోనే బతికేవాళ్లు సరిగ్గా పసిగట్టారు, సహజమే. ఆ రాత్రే సహాయనటుడి కవరు తెరిస్తే జాబితాల్లో పైవరసలో లేని జెఫ్ హిల్లర్ పేరు వచ్చింది. 'సంబడీ సమ్‌వేర్' అనే చిన్న సిరీస్. దిమ్మెరపోయిన మనిషి ముఖం చూడాలంటే ఆ రాత్రి ఆయన్ని చూడాలి. 2012లో 'టూ అండ్ ఎ హాఫ్ మెన్' జాన్ క్రయర్‌దీ ఇంచుమించు అదే ముఖం. 2013లో 'నర్స్ జాకీ' మెరిట్ వీవర్ అయితే థాంక్స్ చెప్పి, ఇక వెళ్లాలి అని వెళ్లిపోయింది. జోస్యంలో పేరు లేనివాళ్లు ఉపన్యాసం రాసుకు రారు, అందుకే ఆ వేడుకల్లో వినదగ్గ ప్రసంగాలు వాళ్లవే.

2007లో ఉత్తమ హాస్యనటుడి అవార్డు ప్రకటించడానికి జాన్ స్టూవర్ట్, స్టీఫెన్ కోల్బేర్ వచ్చారు. కవరులో ఉన్న పేరు 'ఎక్స్‌ట్రాస్' నటుడు రికీ జర్వేజ్. ఆయన హాల్లో లేడు. రాలేదు కాబట్టి దీన్ని మా స్నేహితుడు స్టీవ్ కరెల్‌కు ఇచ్చేస్తున్నామని స్టూవర్ట్ అక్కడికక్కడే తేల్చేశాడు. బ్రిటన్ 'ది ఆఫీస్'లో బాసుగా వేసింది జర్వేజ్, అమెరికా 'ఆఫీస్'లో అదే బాసుగా వేసింది కరెల్. అప్పుడే ఓడిపోయిన కరెల్ కేకలేస్తూ వేదిక మీదికి పరిగెత్తాడు, ముగ్గురూ కావలించుకుని గంతులేశారు. మరుసటి ఏడు జర్వేజ్ వేదిక దిగి, ముఖం ముడుచుకుని కూర్చున్న కరెల్ దగ్గరికెళ్లి నా ఎమ్మీ నాకు ఇచ్చెయ్ అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. దెప్పాడు, చివరికి చక్కిలిగింతలు పెట్టాడు. అప్పుడు గానీ కరెల్ దాన్ని తీసి ఇవ్వలేదు. మైకేల్ స్కాట్‌కు ఎమ్మీ వస్తుందని, ఏడాది తిరిగేసరికి చక్కిలిగింతలకు పోతుందని ఏ జాబితాలోనూ, ఏ గడిలోనూ లేదు.